బరంపురంలో మా రంగుల, చెక్క పాలిష్ వ్యాపారం: పాత రికార్డులు ఎక్కడ వెతకాలి?

నమస్కారం. బరంపురంలో మా ముత్తాతగారు మొదలుపెట్టిన ఇళ్ల రంగులు, చెక్క పాలిష్ వ్యాపారాన్ని ఇప్పటికీ మేమే నడుపుతున్నాము. దాని చరిత్రను పిల్లల కోసం రాసిపెట్టాలని నా ఉద్దేశం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, అంతకుముందరి దుకాణపు లైసెన్సులు, పన్ను రసీదులు, అద్దె దస్తావేజులు బరంపురంలోనే ఉంటాయా, భువనేశ్వర్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరాయా, లేక చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలా? ఇంట్లో మిగిలినది తెలుగులో రాసిన ఒక చిట్టా మాత్రమే. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలుచని పూతలుగా రుద్దే పద్ధతి అందులో వివరంగా ఉంది. పర్లాకిమిడి, ఛత్రపురం వైపు ఇదే పని చేసిన కుటుంబాలవారు గానీ, అలాంటి రికార్డులు తీయించుకున్నవారు గానీ ఉంటే, ఏ కార్యాలయంలో ఏ వివరాలతో దరఖాస్తు చేయాలో దయచేసి తెలియజేయగలరు.