మూడుల్లో తెలుగు బిట్లు ఎక్కించడం, మిడ్ మార్కుల లెక్క: తెలిసినవాళ్లు చెప్పండి

గోదారి_టీచర్
డిగ్రీ, తెలుగు మీడియం, చరిత్ర సబ్జెక్టు. కాలేజీలో మూడుల్ 4 (ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టారు. మూడు సందేహాలు. 200 బిట్లు వర్డ్ ఫైల్లో ఉన్నాయి, అన్నీ అనూ ఫాంట్లో కొట్టినవే. మళ్లీ టైపు చేయకుండా క్వశ్చన్ బ్యాంకులోకి ఎక్కించడం ఎలా? రెండు మిడ్లలో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం. ఈ లెక్క మూడుల్ గ్రేడ్‌బుక్ (మార్కుల పట్టిక) కడుతుందా? పిల్లలు ఫోన్లో ఫొటో తీసి పెట్టే అసైన్‌మెంట్లు సగం ఎక్కడం లేదు, ఎందుకు?

లెక్కల_మాస్టారు
బిట్లకి ఐకెన్ ఫార్మాట్ (మామూలు టెక్స్ట్ ఫైల్లో బిట్లు రాసే పద్ధతి) చాలు మేడమ్. ప్రశ్న మొత్తం ఒకే లైనులో ఉండాలి, మధ్యలో ఎంటర్ కొట్టకూడదు. కింద ఒక్కో లైనులో ఒక్కో ఆప్షన్. ఆప్షన్ ముందు ఇంగ్లీషు పెద్దబడి ఏ, బి, సి, డి అక్షరాలే ఉండాలి. అక్షరం తర్వాత చుక్క గానీ మూసిన బ్రాకెట్ గానీ, ఆ తర్వాత ఒక ఖాళీ. ఆఖరి లైనులో ఆన్సర్ అన్న మాట ఇంగ్లీషులో, అన్నీ పెద్దబడి అక్షరాలు, వెంటనే కోలన్, ఆపైన జవాబు అక్షరం. ఆ మాటకీ కోలన్‌కీ మధ్య ఖాళీ పడితే ఇంపోర్ట్ ఆగిపోతుంది. తెలుగులో ఎ, బి, సి, డి అని పెట్టినా అంతే. నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి. ఏఎన్‌ఎస్‌ఐ అని ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

డీటీపీ_బెజవాడ
అసలు అడ్డంకి దాటేసి ఐకెన్ చెబుతున్నారేంటి మాస్టారూ. అనూలో కొట్టింది కంప్యూటర్ దృష్టిలో తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద తెలుగు బొమ్మలు అతికించారంతే. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు మిగులుతాయి. ముందు కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ (కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే కోడ్) చేయాలి. తర్వాత క్ష, జ్ఞ, ర-ఒత్తు, రెండొత్తులు పడ్డ మాటలు (రాష్ట్రం, స్వాతంత్ర్యం లాంటివి) కళ్లతో చూసుకోవాలి, ఎక్కువగా అక్కడే చెడుతుంది. మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే వాటిని కూడా తెలుగనుకుని మార్చేస్తుంది కాబట్టి వాటిని ముందే పక్కకి తీసి పెట్టండి.

తెలుగు_అధ్యాపకుడు
ఈ అనూ పీడ ఎప్పటికి వదులుతుందో! 2026 వచ్చినా ప్రశ్నపత్రాలు అందులోనే. ఇన్‌స్క్రిప్ట్ (యూనికోడ్ తెలుగు కీబోర్డు) నేర్చుకోవడం అంత కష్టమా?

డీటీపీ_బెజవాడ
పీడ అనకండి సార్. పత్రికలు, పెళ్లి శుభలేఖలు, మీ పాఠ్యపుస్తకాలు ఆ ఫాంట్లతోనే అచ్చయ్యాయి. అచ్చు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, దానికి యూనికోడ్ ఎక్కదు. ప్రెస్సులో ఉన్న సరంజామా అది, మేం ఏం చేస్తాం?

తెలుగు_అధ్యాపకుడు
పేజీలు కూర్చడానికి కొత్తది, ఇన్‌డిజైన్ ఉంది కదా!

డీటీపీ_బెజవాడ
ఉంది. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఆ సంగతి తెలియనివాళ్లే ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదని తిడతారు. ఇక్కడ సలహాలిచ్చేవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

రాత్రి_డ్యూటీ
ఇద్దరూ ఆపండి. ఇంత తతంగం ఎందుకు, ప్రతి ప్రశ్నా స్క్రీన్‌షాట్ తీసి బొమ్మగా పెట్టేస్తే సరి.

తెలుగు_అధ్యాపకుడు
ఘోరమైన సలహా. ఐదంగుళాల ఫోన్లో ఆ బొమ్మ చదవాలంటే పెద్దది చేసుకుని అటూ ఇటూ జరుపుకోవాలి. చూపు లేని విద్యార్థుల స్క్రీన్ రీడర్‌కి అది వట్టి బొమ్మే, ఒక్క ముక్క చదవదు. క్వశ్చన్ బ్యాంకులో వెతికినా దొరకదు. తప్పు దిద్దాలంటే మళ్లీ బొమ్మ తీయాలి.

రాత్రి_డ్యూటీ
చెప్పడం తేలిక సార్. పరీక్ష రేపయితే మీరు 200 ప్రశ్నలు కన్వర్ట్ చేసి దిద్దుతారా?

సర్వర్_గది
మూడుల్ సర్వర్లు నడిపేవాడిగా చెబుతున్నా, మీరంతా తప్పుచోట కొట్టుకుంటున్నారు. బిట్లు ఎక్కాక వచ్చే గొడవలు వేరు. బిట్లలో "పైవన్నీ", "పైవేవీ కావు" ఉంటాయి కదా, క్విజ్‌లో షఫుల్ (వరుస కలిపేయడం) పెడితే "పైవన్నీ" మొదటి ఆప్షన్‌గా వచ్చి కూర్చుంటుంది. అలాంటి ప్రశ్నలు విడిగా తెరిచి ఆప్షన్ల షఫుల్ టిక్కు తీసేయండి, మిగతావాటికి ఉంచండి. ప్రశ్నలోనూ క్విజ్‌లోనూ రెండుచోట్లా టిక్కు ఉంటేనే ఆప్షన్లు కలుస్తాయి.

రివ్యూ ఆప్షన్లు (రాశాక పిల్లలకి ఏం చూపించాలో చెప్పే సెట్టింగులు) కూడా చూసుకోండి. ముందుగా ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే మొదట రాసినవాడికి సబ్మిట్ కొట్టగానే సరైన జవాబులు కనిపిస్తాయి, ఐదు నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. సరైన జవాబు టిక్కు "క్విజ్ మూసిన తర్వాత" అన్న నిలువు వరుసలో మాత్రమే ఉంచండి. ముగింపు తేదీ పెట్టకపోతే ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు.

హైస్కూల్_సైన్స్
ఖాళీలు పూరించే ప్రశ్నలు (షార్ట్ ఆన్సర్) పెట్టేవాళ్లకి ఒక మాట. మూడుల్ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్య కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది. మీరు దానితో కొట్టి, పిల్లవాడు అది లేకుండా కొడితే సరైన జవాబుకీ సున్నా వస్తుంది. రెండు రూపాలూ జవాబులుగా చేర్చండి. తెలుగు అంకెలతో రాసేవాళ్లు ఉంటే ౧౮౫౭, 1857 రెండూ చేర్చండి.

గోదారి_టీచర్
బిట్ల సంగతి అర్థమైంది. మిడ్ మార్కులు?

లెక్కల_మాస్టారు
గ్రేడ్‌బుక్ సెటప్‌లో కోర్సు టోటల్‌కి ఎదురుగా ఎడిట్ కాలిక్యులేషన్ ఉంటుంది. ముందు రెండు మిడ్లకీ ఐడీ నంబర్లు ఇవ్వాలి, అవి లేకపోతే ఫార్ములా వాటిని గుర్తుపట్టదు. సమానం గుర్తుతో మొదలుపెట్టండి. మ్యాక్స్ ఫంక్షన్లో రెండు ఐడీలూ పెట్టి 0.8తో గుణించండి, మిన్ ఫంక్షన్లో మళ్లీ అవే పెట్టి 0.2తో గుణించండి, రెండూ కూడండి. ప్రతి ఐడీ చుట్టూ చతురస్ర బ్రాకెట్లు రెండేసి ఉండాలి. మొదటి మిడ్ 24, రెండోది 18 అయితే 19.2, 3.6 కలిపి 22.8 రావాలి. రాకపోతే ఐడీలు సరిచూడండి.

సర్వర్_గది
ఫార్ములా వద్దనుకుని సగటు పెట్టేవాళ్లు ఎక్కువ, తప్పు జరిగేదీ అక్కడే. ఖాళీ మార్కుల్ని వదిలేయమనే టిక్కు ముందుగానే పెట్టి ఉంటుంది. రెండో మిడ్‌కి రానివాడికి మొదటి మిడ్ ఒక్కదాన్నే లెక్కేస్తుంది, అంటే వచ్చి తక్కువ తెచ్చుకున్నవాడికన్నా రానివాడే ముందుంటాడు. గైర్హాజరైనవాడికి సున్నా వేయండి, ఖాళీగా వదలకండి.

కొత్త_ఎస్‌జీటీ
దీక్షాలో (టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ వేదిక) సర్టిఫికెట్ మీద పేరు తప్పు పడితే ఎక్కడ మార్చుకోవాలి?

రాత్రి_డ్యూటీ
ఇది మూడుల్ చర్చ తల్లీ, వేరే చోట అడగండి.

హైస్కూల్_సైన్స్
అడిగితే తప్పేంటి? ఇక్కడ అనూ ఫాంట్ల మీద పోట్లాడుకుంటే తప్పు లేదా?

పాత_పాలిటెక్నిక్
ఫొటోల ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. మూడుల్‌ని నడిపే పీహెచ్‌పీలో ఒక ఫైలు పరిమితి మొదట్లో 2 ఎంబీ, మొత్తం పోస్టు పరిమితి 8 ఎంబీ. ఫోన్ ఫొటో ఒక్కటే 4 ఎంబీ ఉంటుంది. సర్వరు, సైటు, కోర్సు, అసైన్‌మెంటు నాలుగు చోట్లా పరిమితులుంటాయి, వాటిలో అతి చిన్నదే చెల్లుతుంది. మీ చేతిలో ఉన్నవి చివరి రెండే, కాబట్టి సర్వరు చూసేవారిని పై రెండూ పెంచమని అడగండి. పిల్లల్ని స్కానింగ్ యాప్‌లో నలుపు తెలుపుగా తీసి ఒకే పీడీఎఫ్ చేయమనండి. "డ్రాఫ్ట్" అని మిగిలిపోతుంటే సబ్మిట్ బటన్ తప్పనిసరి అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉంది, దాన్ని ఆఫ్ చేయండి. గడువు తేదీ దాటినా ఫైళ్లు ఎక్కుతూనే ఉంటాయి. ఆపాలంటే కటాఫ్ తేదీ వేరేగా పెట్టాలి.

గోదారి_టీచర్
ఇంకొకటి. క్విజ్ ఉదయం 10కి తెరుచుకోమని పెట్టాను. పిల్లలకి మధ్యాహ్నం మూడున్నర చూపిస్తోంది.

సర్వర్_గది
మీ ప్రొఫైల్లో టైమ్‌జోన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉండుంటుంది, పిల్లల ప్రొఫైల్లో ఆసియా కోల్‌కతా. ఐదున్నర గంటల తేడా అదే. మీది మార్చుకున్నాక క్విజ్ తెరిచే సమయం మళ్లీ పెట్టండి. పాతది దానంతటది మారదు.