యుద్ధప్రాంతాల ఆసుపత్రుల్లో పసికందుల మరణాలు

ప్రశ్న (అమలాపురం): 2023 నవంబరులో గాజాలోని అల్‌షిఫా ఆసుపత్రిలో ఇంధనం అయిపోయి, నెలలు నిండని బిడ్డలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెల్లోంచి తీసి ఒకే మంచంపై పక్కపక్కన పడుకోబెట్టిన ఛాయాచిత్రం ఇప్పటికీ నన్ను వదలడం లేదు. బాంబు తగలని బిడ్డల మరణానికి కరెంటు పోవడమొక్కటే కారణమా?

జవాబు (కాకినాడ, విశ్రాంత నర్సు): అది మొదటి కారణం మాత్రమేనండి. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వు చాలా తక్కువ, బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. అందువల్ల వెచ్చదనం అందకపోతే త్వరగా ఒళ్లు చల్లబడి, రక్తంలో చక్కెర తగ్గి, ఊపిరి తడబడుతుంది. శుభ్రమైన నీరు లేక చేతులు కడగలేకపోతే, పాలు పట్టే గిన్నెలు మరిగించలేకపోతే ఇన్‌ఫెక్షన్ సోకి రక్తానికి పాకుతుంది. తల్లి మరో చోట చిక్కుకుపోతే చనుబాలూ ఉండవు. నవంబరు 19న 31 మంది శిశువులను అల్‌షిఫా నుంచి దక్షిణ గాజాలోని రఫాకు తరలించారు; అప్పటికే కొందరు కన్నుమూశారు. చాలా బాధాకరం.

జవాబు (రాజోలు): 1996 నవంబరు తుపాను కోనసీమను చీకట్లో ముంచింది. అయినా గాలి తగ్గాక, దారికి అడ్డంగా పడిన కొబ్బరిచెట్లను నరికి డీజిల్ తెచ్చుకోవచ్చు. ముట్టడిలో ఆ దారినే మనుషులు మూసేస్తారు. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందంలోని 18వ అధికరణ పౌర ఆసుపత్రులపై దాడిని నిషేధిస్తుంది. 23వ అధికరణ, కొన్ని షరతులతో, వైద్య సామగ్రికి దారి ఇవ్వాలంటుంది.

ప్రశ్న (అమలాపురం): తల్లి గుండెకు హత్తుకుంటే సరిపోదా అండి?

జవాబు (కాకినాడ): 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన ఆ కంగారూ పద్ధతి ఎందరో బిడ్డలను కాపాడుతోంది. అయితే వెంటిలేటర్‌పై ఉన్న బిడ్డకు తల్లి వెచ్చదనం ఒక్కటే చాలదు. ఆక్సిజన్, విద్యుత్తు ఉండి తీరాలి.