ఈ వారం సమస్య (దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి): “మ్రోగుచున్న గంట మూగదయ్యె”

నిర్వాహకుడు (విజయనగరం): ఛందస్సు ఆటవెలది. షరతు ఒక్కటే, మూగతనానికి కారణం ధ్వనిశాస్త్రంలోనే దొరకాలి. శాపాలు, కలలు చెల్లవు.

బొబ్బిలి సభ్యుడు:

గాజు జాడి లోన గంట నిలిపి గాలి
పంపుఁ బెట్టి యెల్లఁ బయికి లాగ
నాలుకూగు గాని నాదమ్ము వెలిరాదు
మ్రోగుచున్న గంట మూగదయ్యె

నిర్వాహకుడు: పద్యానికి ప్రాణం మూడో పాదం. వెలుగుకు గాలి అక్కర్లేదు కనుక నాలుక ఊగడం కనబడుతుంది. నాదానికి గాలి కావాలి. గాలి తోడేసిన పాత్రలో గడియారం టిక్కుటిక్కు వినబడలేదని రాబర్ట్ బాయిల్ 1660లోనే రాశాడు.

చీపురుపల్లి మాస్టారు: “ఎల్ల”తోనే నా పేచీ. బడిలోని పంపు గాలినంతా లాగలేదు. మిగిలిన పలుచని గాలి గంట కంపాన్ని గాజు దాకా బలంగా మోయలేదు, అంతే. పైగా గంటను మెత్తని దారానికి వేలాడదీయాలి. ఇనుప కడ్డీకి బిగిస్తే మోత కడ్డీ గుండా బయటపడుతుంది.

ఆమదాలవలస సభ్యురాలు: గాలి పలచబడితే నాదం నెమ్మదిస్తుందని కూడా అనవచ్చునా మాస్టారూ?

మాస్టారు: అనకూడదమ్మా. తగ్గేది బిగ్గరతనం. వేడి మారనంత వరకు వేగం మారదు. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు. డిగ్రీకి దాదాపు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది.

ఆమదాలవలస సభ్యురాలు: అయితే నా పూరణ వేరే దారిలో.

ఎగుడు మీఁద దిగుడు నెదురుగాఁ బడుచోట
నొకటి నొకటి మ్రింగ నొదుగ రవము
చూచువారి కెల్లఁ జోద్యమ్ము గాఁగను
మ్రోగుచున్న గంట మూగదయ్యె

మాస్టారు: ఊహ బాగుంది. గాలి ఒత్తుకున్న చోటును ఎగుడుగా, పలచబడ్డ చోటును దిగుడుగా చదువుకున్నాను. కానీ ఒక్క గంట తనతో తాను ఎలా తలపడుతుంది? గోడకు తగిలి తిరిగొచ్చే అల కావాలి, పద్యంలో గోడ లేదు. గంటలో ఎన్నో పౌనఃపున్యాలు (సెకనుకు కంపాల లెక్కలు) ఉంటాయి. ఒకటి అణగినచోట మరొకటి వినబడుతుంది. శ్రుతిదండమైతే, అంటే కొడితే ఒకే శ్రుతి పలికే రెండు కొమ్ముల లోహపు కడ్డీ అయితే, ఒప్పుకునేవాణ్ణి. దాన్ని మోగించి చెవి దగ్గర నిలువుగా పట్టుకొని తిప్పితే, ఒక చుట్టులో నాలుగు చోట్ల నాదం అణగుతుంది.

నిర్వాహకుడు: మూడో పాదం చోటు నింపడానికే వచ్చింది. గోడ అక్కడే పట్టేది.

విజయనగరం సభ్యురాలు:

సిరుల మాను సాగ జేజేలు మిన్నంట
పైడితల్లి గుడినిఁ బంబ మొఱయ
చిన్నపాటి రవము చెవి దాఁక రాకుండ
మ్రోగుచున్న గంట మూగదయ్యె

నిర్వాహకుడు: పైడితల్లి జాతరలో ఊరేగే సిరిమాను గణాల్లో ఇమడక సిరుల మాను అయింది, ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు! శాస్త్రం మాత్రం ఒక్క మాట తప్ప నిలుస్తుంది. పంబ వాద్యం మోత గంటకన్నా 20 డెసిబెల్లు ఎక్కువైతే తీవ్రత 100 రెట్లు. గంట అల చెవికి చేరుతూనే ఉంటుంది, చెవే దాన్ని వేరుచేయలేదు. కాబట్టి “చెవి దాఁక రాకుండ” అన్నది సరికాదు.

బొబ్బిలి సభ్యుడు: మాస్టారి మాట ప్రకారం నా రెండో పాదం “పంపుఁ బెట్టి చాలఁ బయికి లాగ”. మెత్తని దారానికి మాత్రం గణాలు మిగల్లేదు.