మందు వాడుతున్నా భయం పోవట్లేదు, అతనికి చెప్పాలా?

కోనసీమ_కుర్రాడు: మాది అమలాపురం దగ్గర పల్లె. నేను గేని. మూడేళ్ల క్రితం హెచ్‌ఐవీ అని తేలింది. రోజూ రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటాను, సీసా బియ్యం డబ్బా వెనక దాస్తాను. ఏడాదిగా పరీక్షల్లో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, దొరకట్లేదు. ఒకప్పుడు పేరు కూడా అడగకుండా కలిసేవాణ్ణి. రెండేళ్లుగా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు రావులపాలెంలో ఒకతను పరిచయమయ్యాడు. చెయ్యి పట్టుకున్నా టెన్షనే.

కాకినాడ_అన్న: తమ్ముడూ, నాకు పదకొండేళ్లయింది. నేనూ అలాగే ముడుచుకుపోయాను, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధ. వైరల్ లోడ్ దొరకని స్థాయిలో నిలిస్తే సెక్స్ వల్ల అవతలివాళ్లకు సోకదు. 2019లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనంలో, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మందు వాడుతున్న 782 మగ జంటలను చూశారు. కండోమ్ లేకుండా కలిసినా, భాగస్వామి నుంచి ఒక్కరికీ రాలేదు. మాత్రలు మానేస్తే మాత్రం ఈ ధీమా ఉండదు.

లంక_గాలి: అయినా కండోమ్ వదలకండి. సిఫిలిస్ అనే సుఖవ్యాధిని ఆ మాత్ర ఆపదు. నాకు అరచేతుల్లో మచ్చలొస్తే ఎండకనుకున్నానండి.

కోనసీమ_కుర్రాడు: ఆదివారం ఏటిగట్టు మీద చెప్పేశాను అన్నయ్యా. కాసేపు నీళ్లకేసి చూశాడు. తర్వాత, “మాత్ర వేసుకునే టైమెంత? నేను ఫోన్ చేసి గుర్తుచేస్తాలే” అన్నాడు.