దంతవైద్యుల నియమావళి సవరణ: రోగి సమ్మతి గురించి సలహా కావాలి

నమస్కారం. మా దంతవైద్యుల వృత్తి నియమావళిని సవరించే కమిటీలో నేనూ ఉన్నాను. పాదరసం వాడకాన్ని కట్టడి చేసే 2013 నాటి అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని బట్టి, పుచ్చిన పళ్లను పూడ్చడానికి వాడే, పాదరసం ఉండే అమాల్గం వాడకం తగ్గించాలన్న అంశం తేలికగానే చేర్చాం. నాకు టెన్షన్‌గా ఉన్నది సమ్మతి విషయం.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక, పెదవి మొద్దుబారి, నోట్లో దూదితో కుర్చీలో పడుకున్న మనిషికి కాగితం అందించి సంతకం పెట్టమంటే అది సమ్మతి ఎలా అవుతుంది? పైగా ఆ సంతకంతోనే చికిత్స ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తున్నారు. ఫొటోలో రోగి కళ్లు కనిపించకపోయినా, ముందుపళ్ల సందు చూసి తెలిసినవాళ్లు గుర్తుపట్టేస్తారు!

చికిత్సకూ ఫొటోలకూ వేర్వేరు పత్రాలు, అవీ ఇంజెక్షన్‌కి ముందే తీసుకోవాలని రాద్దామనుకుంటున్నాను. రోగి తర్వాత వద్దంటే ఫొటో ఎన్ని రోజుల్లో తీసేయాలి? ఇలాంటి నియమం పెట్టినవాళ్లుంటే, ఎలా రాశారో దయచేసి చెప్పండి.