పైథాన్‌లో మ్యాచ్-కేస్: మొదటి ఏడాది పిల్లలకి చెప్పాలా, వద్దా?

కాకినాడ_మాస్టారు

ఈ సెమిస్టర్ నుంచి మా సిలబస్‌లో మ్యాచ్-కేస్ (వచ్చిన విలువ ఏ కేసుకి కుదిరితే ఆ పని చేయించే వాక్యం) చేర్చారు. నా మాట ముందే చెప్పేస్తున్నాను: ఇది పైథాన్‌లోకి రాకుండా ఉండాల్సింది.

మొన్న మంగళవారం ల్యాబ్‌లో జరిగింది చెప్తాను. మా పిల్లల్లో సగానికి పైగా ఇంటర్ దాకా తెలుగు మీడియం. అందుకని వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టిస్తాను. పైథాన్ 3 ఒప్పుకుంటుంది కదా. ఒకమ్మాయి 'దొరకలేదు = 404' అని రాసింది (వెబ్‌లో 404 అంటే పేజీ దొరకలేదని). దాని కింద 'స్టేటస్ = 500'. ఆ తర్వాత మ్యాచ్ స్టేటస్, లోపల ఒకే ఒక్క కేస్: 'కేస్ దొరకలేదు'. అందులో 'పేజీ లేదు' అని ప్రింట్. 500కీ 404కీ పొంతన లేదు కాబట్టి ఏమీ ప్రింట్ కాకూడదు. అయింది! పైగా దొరకలేదు విలువ ఎంతో చూస్తే 500.

"సార్, నేను 404 అని పెట్టాను కదా, ఎవరు మార్చారు?" అని అడిగింది.

కేస్ పక్కన ఉత్త పేరు రాస్తే పైథాన్ దాన్ని పోల్చదు. వచ్చిన విలువని ఆ పేరులో వేసేస్తుంది. అదే చుక్క ఉన్న పేరైతే పోలుస్తుంది. ఈ మాట బోర్డు మీద రాసి అరగంట చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపింది గానీ, అది అర్థమై ఊపిన తల కాదు.

1991 నుంచి ఇఫ్-ఎలిఫ్‌తోనే బండి నడిచింది. 2021 అక్టోబర్‌లో 3.10 వెర్షన్‌తో దీన్ని తెచ్చి ఎవరిని ఉద్ధరించారు?

పాతకాపు

ఒక్క సవరణ. దొరకలేదు విలువ మారిపోతుందన్నారు. అది ఫంక్షన్ బయట రాశారు కాబట్టి మారింది. మ్యాచ్‌ని ఫంక్షన్ లోపల పెట్టి ఉంటే బయటి 404 చెక్కుచెదరదు. లోపల అదే పేరుతో వేరే వేరియబుల్ పుడుతుంది.

కాకినాడ_మాస్టారు

ఫంక్షన్ లోపల పెట్టినా 'పేజీ లేదు' అని ప్రింట్ అవుతుందా, అవదా?

పాతకాపు

అవుతుంది. నేనన్నది విలువ గురించి.

లత_డల్లాస్

మాస్టారూ, నమస్తే. మ్యాచ్‌ని సీ భాషలో విలువల్ని పోల్చే స్విచ్ అనుకుని చెప్తే ఇలాగే తేడా కొడుతుంది. ఇది పోల్చడానికి వచ్చింది కాదు, విప్పడానికి వచ్చింది. మొదటి వారంలోనే 'ఎ, బి = 1, 2' అని రాయిస్తారు కదా? అక్కడ ఎడమ పక్క పేర్లలోకి విలువలు వెళ్తాయంటే ఏ పిల్లాడూ గొడవ పెట్టడు. కేస్ పక్కన ఉన్నది కూడా ఆ ఎడమ పక్క లాంటిదే.

నా పని చెప్తాను. మా దగ్గరికి వచ్చే మెసేజ్‌లన్నీ డిక్షనరీలు, అంటే కీ-విలువ జతలు. కొన్నిట్లో చెల్లింపు ఉంటుంది, కొన్నిట్లో వాపసు. కొన్నిట్లో మొత్తం అంకెగా వస్తుంది, కొన్నిట్లో కోట్‌ల మధ్య స్ట్రింగ్‌గా వస్తుంది. ఇంతకుముందు కీ ఉందా, ఉంటే డిక్షనరీయేనా, దాని లోపల ఇంకో కీ ఉందా అని ఇఫ్ లోపల ఇఫ్ వేసుకుంటూ నాలుగు మెట్లు దిగేవాళ్ళం. ఒక మెట్టులో ఎల్స్ మర్చిపోయి, వాపసు మెసేజ్‌లు చడీచప్పుడు లేకుండా జారిపోయాయి. రెండు రోజులు వెతికాను. ఇప్పుడు ఆ మెసేజ్ ఎలా ఉంటుందో కేస్ పక్కన అలాగే రాస్తాను: రకం 'చెల్లింపు', మొత్తం ఇంట్ (పూర్ణాంకం) అయి ఉండాలి, దాన్ని ఫలానా పేరులోకి తీసుకో. ఒక్క లైను. చదివేవాళ్ళకి మెసేజ్ ఆకారం కళ్ళ ముందు ఉంటుంది.

ఇంకొకటి. ఆ అమ్మాయి దాని కింద ఇంకో కేస్ రాసి ఉంటే ప్రోగ్రాం అసలు మొదలయ్యేదే కాదు. కింది కేసులకి దారి మూసుకుపోయిందని సింటాక్స్ ఎర్రర్ ఇచ్చేది.

నైట్‌షిఫ్ట్_నల్లగొండ

మీరంత పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నరు. మా దాంట్ల సర్వర్లు ఇంకా 3.6 మీదనే ఉన్నయ్. కొత్తగ వచ్చిన పిలగాడు ఇంట్ల 3.12ల రాసి, మ్యాచ్ పెట్టి పంపిండు. రాత్రి రెండింటికి నాకు ఫోన్. మ్యాచ్ ఉన్న లైన్ కాడనే సింటాక్స్ ఎర్రర్. ఇఫ్-ఎలిఫ్ పెట్టి మళ్ల రాసేసరికి తెల్లారింది. ఫీచర్ మంచిదో చెడ్డదో నాకెందుకు, నా నిద్ర పోయింది.

లత_డల్లాస్

అన్నా, 3.6కి సపోర్టే 2021 చివర్లో ఆగిపోయింది. అది మీ కంపెనీ సమస్య, మ్యాచ్ సమస్య కాదు.

నైట్‌షిఫ్ట్_నల్లగొండ

కంపెనీ మార్చాలె గని, లేసేది మాత్రం నేను. 3.7ల 'అసింక్' కీవర్డ్ (వేరే దేనికీ పేరుగ పెట్టరాని మాట) అయినప్పుడు కూడ గిట్లనే అయింది. ఆ పేరుతోని పారామీటర్ ఉన్న పాత లైబ్రరీ మొత్తం కూలవడ్డది.

పాతకాపు

ఆ పాఠం నేర్చుకున్నారు కాబట్టే మ్యాచ్‌నీ కేస్‌నీ మెత్తని కీవర్డులు (తమ చోట మాత్రమే కీవర్డులు, మిగతా చోట్ల మామూలు పేర్లు) చేశారు. ఇంతకుముందు 'మ్యాచ్' అని వేరియబుల్ పెట్టుకున్నవాళ్ళ కోడ్ ఒక్క అక్షరం మార్చకుండా ఇప్పటికీ నడుస్తుంది. 3.9లో, కోడ్‌ని చదివి అర్థం చేసుకునే పార్సర్‌ని కొత్తగా రాయడం వల్ల అది సాధ్యమైంది. మాస్టారు ఇంకొకటి కూడా చూడాలి: బ్రాకెట్ మూయడం మర్చిపోతే 'ఈ బ్రాకెట్ మూయలేదు' అని ఎర్రర్ సూటిగా చెప్పడం మొదలైంది కూడా 3.10లోనే. ఆ కొత్త పార్సర్ పుణ్యమే. పిల్లలకి అది మేలు కాదా?

వాల్రస్_బాధితుడు

మీకు మ్యాచ్ ఒక్కటే. నన్ను ఒక ఇంటర్వ్యూలో 3.8లో వచ్చిన, విలువని పేరులో వేస్తూనే వాడుకునే ఆ కోలన్-ఈక్వల్ (:=) తోనే వైల్ లూప్ రాయమన్నారు. మామూలుగా రాస్తాను, రెండు లైన్లే ఎక్కువ అన్నాను. 'అప్‌డేట్ అవ్వలేదు' అని పంపించేశారు. అప్పటికి నాకు నాలుగేళ్ళ అనుభవం. కొత్త గుర్తు వచ్చిన ప్రతిసారీ అది మనుషుల్ని వడపోసే జల్లెడ అయిపోతోంది.

పాతకాపు

తమ్ముడూ, ఆ గుర్తు మీద గొడవతోనే పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ పగ్గాలు వదిలేశారు. దాన్ని తెచ్చిన 572వ ప్రతిపాదనని ఆమోదించాక, 2018 జులై 12న ఉత్తరం రాశారు. ఒక ప్రతిపాదన కోసం ఇంత కొట్లాడి, చివరికి ఇంతమంది తన నిర్ణయాన్ని ఏవగించుకోవడం ఇక తన వల్ల కాదని దాని సారాంశం. 2019 నుంచి భాషని నడిపేది ఎన్నికైన అయిదుగురి స్టీరింగ్ కౌన్సిల్.

మ్యాచ్‌ని ఒప్పుకుంది ఆ కౌన్సిలే, 2021 ఫిబ్రవరిలో. మొదటి ప్రతిపాదన 622 మీద విమర్శలు వస్తే 634, 635, 636 అని మూడు ముక్కలు చేసి తిరగరాశారు. మాస్టారు చెప్పే ఉత్త పేరు చిక్కు వాళ్ళ కళ్ళబడలేదనుకోకండి. పోల్చేదానికీ పేరులో వేసేదానికీ తేడా గుర్తు పెట్టి చూపించాలని నిక్ కాగ్లన్ 642వ ప్రతిపాదన రాశారు. దాన్ని తిరస్కరించారు.

కాకినాడ_మాస్టారు

చూశారా! చిక్కు ఉందని చెప్పినవాడున్నాడు, మందు కూడా చూపించాడు. అయినా కాదన్నారు. ఇంతకన్నా నేను చెప్పేదేముంది?

లత గారు 'మొత్తం ఇంట్ అయి ఉండాలి' అన్నారే, దాన్నే చూడండి. పిల్లలకి మొదటి రోజు ఏం చెప్తాను? ఇన్‌పుట్ తీసుకున్నాక ఇంట్ అని రాసి బ్రాకెట్లో పెడితే స్ట్రింగ్ అంకె అవుతుందని. అదే ఇంట్, అదే బ్రాకెట్ కేస్ పక్కన రాస్తే మార్చదు, అది ఇంటేనా కాదా అని చూస్తుంది. అవే అక్షరాలు, రెండు అర్థాలు. పెద్దవాళ్ళకి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. అక్షరాలే ఇప్పుడిప్పుడు పట్టుబడుతున్న పిల్లకి ఎలా తెలుస్తుంది?

లత_డల్లాస్

అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ మాస్టారూ, ప్లస్ గుర్తు అంకెల్ని కూడుతుంది, స్ట్రింగుల్ని అతికిస్తుంది. దాన్ని తీసెయ్యమనలేదే మీరు. అలవాటైనదంతా తేలిక, కొత్తదంతా కష్టం. ఏమీ అనుకోకండి, చాలా కాలేజీల్లో నేను చూసింది ఇదే. ఏటా అదే నోట్సు, అవే పది ప్రోగ్రాములు. సిలబస్ మారిందంటే భాషదే తప్పు.

కాకినాడ_మాస్టారు

అమ్మా, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నా నోట్సు మూడుసార్లు తిరగరాశాను. సీ భాష చెప్పే రోజుల్లో స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌శాండ్ మర్చిపోయి పిల్లలు బెంచీ మీద తల పెట్టుకుని ఏడ్చేవాళ్ళు. నేనే అందరి కాళ్ళూ పట్టుకుని పైథాన్ తెప్పించాను. ప్రింట్‌కి బ్రాకెట్లు వచ్చినప్పుడు ల్యాబ్‌లో నలభై మెషీన్లకీ ఆదివారాలు కూర్చుని నేనే పైథాన్ 3 ఎక్కించాను, ఒక్క రూపాయి అడగలేదు. పైథాన్ ఎందుకు కావాలన్నాను? చదివితే అర్థమవుతుంది కాబట్టి. మా పిల్లలకి ఇంగ్లీషుతోనే సగం యుద్ధం. ఒక పని చెయ్యడానికి ఒకే దారి ఉండాలి, అది కళ్ళకి కనబడాలి అన్న భాష ఇది. ఇప్పుడు దానికి నాలుగు దారులు వేస్తుంటే నాకు కడుపు మండుతుంది.

సాలూరు_శివ

మాస్టారికే నా ఓటు.

మోడరేటర్

నోట్సుల సంగతి వదిలేసి భాష గురించి మాట్లాడండి. ఇద్దరికీ చెప్తున్నాను.

లత_డల్లాస్

నోట్సు మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. కానీ అసలు మాట ఇప్పుడు బయటపడింది కాబట్టి చెప్పనివ్వండి.

నేను చదివింది ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియం. డిగ్రీలో మా లెక్చరర్ చాలా మంచివాడు. మా మీద జాలి. రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) వచ్చేసరికి 'మీకు ఇది పరీక్షలో రాదులే, లూపులు బాగా చేసుకోండి చాలు' అన్నాడు. క్లాసులో అందరం సంతోషించాం. ఆరేళ్ళ తర్వాత ఉద్యోగంలో నా కోడ్‌ని పది మంది ముందు తెర మీద పెట్టి, ఇది చెట్టులా ఉన్న డేటా, లూపుతో ఎందుకు తంటాలు పడ్డావు అని అడిగారు. నాకు తెలియదని చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆ రోజు నాకు కోపం వచ్చింది అడిగినవాళ్ళ మీద కాదు, మా మంచి లెక్చరర్ మీద.

తెలుగు మీడియం పిల్లలకి తేలికైనదే పెట్టాలని ఎవరు నిర్ణయించారు మాస్టారూ? ఆ అమ్మాయి 'ఎవరు మార్చారు' అని అడిగిందన్నారు. అంతకన్నా మంచి ప్రశ్న ఉందా?

నైట్‌షిఫ్ట్_నల్లగొండ

అక్క, నువ్వు చెప్పింది నిజం. మాక్కూడ గట్లనే చెప్పిన్రు.

కాకినాడ_మాస్టారు

రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

మీ లెక్చరర్ చేసిన పని నేనూ చేసి ఉంటాను. ఎన్నిసార్లో లెక్కపెట్టుకోలేదు.

అయితే నా ఇరుకు కూడా వినండి. నాకు వారానికి మూడు క్లాసులు, ఒక ల్యాబ్. మ్యాచ్ చేర్చినవాళ్ళు ఒక్క గంట కూడా అదనంగా ఇవ్వలేదు. దానికి రెండు క్లాసులు పెడితే ఫంక్షన్లలోంచో ఫైళ్ళలోంచో రెండు పోతాయి. పైగా మాకు వచ్చిన మోడల్ ప్రశ్నపత్రంలో ఏముందో తెలుసా? 'పైథాన్‌లో స్విచ్ స్టేట్‌మెంట్‌ను ఉదాహరణతో వివరించుము.' స్విచ్ అట! మీరు కాదన్న ఆ మాటే. విప్పడం గురించి, డిక్షనరీల గురించి ఒక్క ముక్క లేదు. అలా చెప్తే దొరకలేదు ప్రోగ్రాం రాసిన పిల్లే కరెక్టు, పైథానే తప్పు అవుతుంది. నా కోపంలో సగం అక్కడిది. అది తెచ్చి భాష మీద పోశాను.

మిగతా సగం మాత్రం భాష మీదే. ఆ ఉత్త పేరు చిక్కు మందు చూపించినా వదిలేశారు, ఆ మాట మీద నేను కదలను.

లత_డల్లాస్

ఇది ముందే చెప్పి ఉంటే నేను మీ పక్కనే నిలబడేదాన్ని. డిక్షనరీ విప్పే చిన్న ఉదాహరణలు నాలుగు, తెలుగు పేర్లతో రాసి పంపిస్తాను. ఒక క్లాసులో అయిపోయేలా. పనికొస్తే వాడండి, లేకపోతే లేదు.

పాతకాపు

ఫంక్షన్ లోపల విలువ మారదన్న సవరణ మొదటి పోస్టులో ఇంకా చేర్చలేదు.

దొరకలేదు_404

నమస్తే సార్. ఆ ప్రోగ్రాం నాదే. పేరు చెప్పనందుకు థాంక్స్.

చుక్క ఉంటే పోలుస్తుందన్నారు కదా, ఇంటికెళ్ళాక చేసి చూశాను. 'కోడ్' అని ఒక క్లాస్ రాసి, అందులో దొరకలేదు = 404 పెట్టాను. కేస్ పక్కన 'కోడ్.దొరకలేదు' అని రాశాను. 500 ఇస్తే ఏమీ ప్రింట్ కాలేదు, 404 ఇస్తే 'పేజీ లేదు' వచ్చింది. నా 404 అలాగే ఉంది. తర్వాత అదే క్లాసులో 'సర్వర్‌లోపం = 500' అని రాస్తే మాత్రం కనిపించని అక్షరం ఏదో ఉందని ఎర్రర్ వస్తోంది. ఎంత చూసినా నాకేమీ కనిపించట్లేదు.

నైట్‌షిఫ్ట్_నల్లగొండ

చెల్లె, 'సర్వర్' తర్వాత పొల్లు విడిగ కనవడనీకి కీబోర్డు ఒక కనవడని గుర్తు పెడ్తది. యు+200సి అంటరు. పైథాన్ దాన్ని పేర్లల్ల ఒప్పుకోదు. తీసేస్తె 'ర్లో' అని ఒత్తు కలుస్తది, చూడనీకి బాగుండదు. నడుమ అండర్‌స్కోర్ పెట్టు.

దొరకలేదు_404

సర్వర్_లోపం అని మార్చాను అన్నా, నడిచింది.

సార్, ఇంకొక డౌట్. 403 ఇచ్చి చూశాను. అది ఏ కేసుకీ కుదరలేదు, కానీ పైథాన్ ఎర్రర్ కూడా ఇవ్వలేదు, ఏమీ అనకుండా కిందికి వెళ్ళిపోయింది. లత అక్క చెప్పిన వాపసు మెసేజ్‌లు ఇప్పుడు కూడా ఇలాగే జారిపోవా?