తళుకు బెళుకు రాలు: రైన్‌స్టోన్‌కు మన మాట

నగల్లో పొదిగే, వజ్రంలా మెరిసే గాజురాయి రైన్‌స్టోన్‌ను తెలుగులో ఏమనాలని నిన్న అడిగిన సోదరికి కొందరు "నకిలీ వజ్రం" అని సూచించారు. నాకు అది సమ్మతం కాలేదు. వేమన పద్యంలోనే అంతకంటే మంచి మాటకు దారి ఉంది: తళుకురాయి.

నిక్కమైన మంచి నీలమొక్కటి చాలు
తళుకు బెళుకు రాలు తట్టెడేల

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలామంది పిల్లలు బడిలో ఒడియా చదువుకొని, తెలుగు ఇంట్లో మాత్రమే మాట్లాడతారు. ఈ పద్యం నేర్పుతుంటే మా మేనకోడలు "రాలు" అంటే రాలిపోవడం అనుకొంది. రాయికి రాలు పాత బహువచనమనీ, గుప్పెడు, చారెడు లాగే తట్టెడు అంటే తట్ట నిండా అనీ, ఏల అంటే ఎందుకనీ విడదీసి చెప్పాక, "అయితే పొథొరొలా మామయ్యా?" అని, రాయికి ఒడియా మాట వాడి, తన దుద్దులు చూపించింది.

వాటిలో ఒక తెల్లరాయి అప్పటికే ఊడిపోయి ఉంది. దాన్ని అరచేతిలో వేసుకొని చూస్తే, వెనుక వెండిరంగు పూత సగం లేచిపోయింది. పూత ఉన్న వైపు ధగధగలాడుతున్న రాయి, అది పోయిన వైపు చేతిగీతలు కనిపించే ఉత్త గాజుముక్క. పడిన వెలుగును వెనక్కి తిప్పి పంపేది ఆ పూతే. గాజులో సీసం మోతాదు పెంచితే అది కాంతిని మరింతగా వంచుతుంది. 18వ శతాబ్దంలో పారిస్ నగల వర్తకుడు జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ అటువంటి గాజును వజ్రంలా సానబట్టించి పేరు పొందాడు. ఫ్రెంచిలో ఆ రాళ్లను నేటికీ స్ట్రాస్ అనే అంటారు.

రైన్‌స్టోన్ అన్నది మొదట రైన్ నదీతీరంలో దొరికిన స్ఫటికాల పేరు, తరువాత గాజుకు సంక్రమించింది. అందుచేత "రైన్ రాయి" అంటే నది గుర్తుకొస్తుందే గాని వస్తువు గుర్తుకు రాదు. ఇక "నకిలీ" అన్న మాట వస్తువు మీద నేరం మోపుతుంది. వజ్రమని చెప్పి అమ్మినప్పుడే అది మోసం, గాజని చెప్పి అమ్మితే కాదు. వేమన కూడా ఆ రాళ్లను దొంగరాళ్లనలేదు, వాటి తళుకునే చెప్పాడు.

"గాజురాయి" తప్పుమాట కాదు. అయితే గాజు అనగానే మన ఇళ్లలో ముందు చేతిగాజే మనసులో మెదులుతుంది. గాజురాళ్లు పొదిగిన గాజులను "గాజురాళ్ల గాజులు" అనవలసి వస్తే నాలుక తడబడుతుంది. "తళుకురాళ్ల గాజులు" అంటే ఆ చిక్కే లేదు.